ఇంటి కంప్యూటరు ఖాళీ సమయం సైన్సుకు: ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి?

సిరిసిల్ల ప్రాంతంలోని కోనరావుపేట లాంటి మండల కేంద్రంలో కూడా కంప్యూటరు ఇప్పుడు అరుదైన వస్తువేమీ కాదు. ఇంజినీరింగ్ చదివే బిడ్డకు అప్పు చేసి కొన్న లాప్‌టాప్, గల్ఫ్ నుంచి వచ్చినాయన కొడుకు కోసం తీసుకున్న డెస్క్‌టాప్, మీసేవలో ఒకటి, జిరాక్స్ దుకాణంలో ఒకటి, బడిలో కొన్ని. వీటిలో దేన్ని తీసుకున్నా దాని శక్తిలో ఎక్కువ భాగం వాడకుండానే పోతుంది. దరఖాస్తు టైపు చేస్తున్నప్పుడు, యూట్యూబ్‌లో పాఠం వింటున్నప్పుడు ప్రాసెసరుకు పెద్దగా పనుండదు. ఆ మిగులును ఇంటర్నెట్ ద్వారా పరిశోధకులకు ఇవ్వవచ్చన్న ఆలోచన పుట్టి మూడు దశాబ్దాలు దాటింది. లక్షలాది మంది ఇచ్చారు కూడా. దాంతో ఏం సాధించారు, ఎక్కడ ఆగిపోయారు, మన కరెంటు బిల్లుల్లో, మన ఎండల్లో ఉన్నవాళ్ళు ఈ పని నెత్తిన వేసుకోవచ్చా అన్నది చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవ్వాలి, అయితే లెక్క చూసుకొని ఇవ్వాలి. ఇస్తూనే, మన ప్రశ్నలు కూడా ఆ కంప్యూటర్ల మీద నడవాలని గట్టిగా అడగాలి.

పని నడిచే తీరు సిరిసిల్ల ప్రాంతం వాళ్ళకు చెప్పడం తేలిక. యజమాని నూలు ఇస్తాడు, ఆసామి తన షెడ్డులోని సాంచాల, అంటే మరమగ్గాల మీద బట్ట నేసి తిరిగి అప్పగిస్తాడు. ఒకే యజమానికి ఎంతమంది ఆసాములైనా పనిచేయవచ్చు. ఎవరి బీము వారిదే, పక్క షెడ్డులో ఏం నడుస్తుందో తెలియాల్సిన పనిలేదు. ఇక్కడా అంతే. పరిశోధకుల సర్వరు ఒక పెద్ద లెక్కను లక్షల ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కను వర్క్ యూనిట్ అంటారు. మన కంప్యూటరులో పెట్టుకున్న చిన్న ప్రోగ్రాం ఒక ముక్కను దింపుకొని, మనం వాడని వేళ లెక్కకట్టి, ఫలితాన్ని పంపించి, ఇంకో ముక్క తెచ్చుకుంటుంది. ఆసామికి మీటరుకింత అని కూలి ముడుతుంది. ఇక్కడ మాత్రం పేరు పక్కన కొన్ని పాయింట్లు పడతాయి, అంతకుమించి పైసా రాదు.

ఈ పద్ధతికి లొంగే లెక్కలు కొన్నే. ముక్కకూ ముక్కకూ సంబంధం లేకుండా విడివిడిగా చేయగలిగినవే ఇళ్ళకు పంపగలరు. రేపు వాన పడుతుందా అని చెప్పే లెక్కలో ప్రతి ముక్కా పక్క ముక్కతో క్షణక్షణం మాట్లాడుకోవాలి. దానికి ఒకే గదిలో కూర్చున్న సూపర్ కంప్యూటరు కావాలి. అందుకే దీన్ని సూపర్ కంప్యూటరుకు బదులు అనుకోవడం పొరపాటు.

ఎవరో తెలియని మనిషి ఇంట్లోని కంప్యూటరు పంపిన జవాబును ఎట్లా నమ్ముతారన్న అనుమానం సహజం. చాలా ప్రాజెక్టుల్లో ఒకే ముక్కను ఇద్దరికి పంపుతారు. రెండు జవాబులు కలిస్తేనే తీసుకుంటారు, కలవకపోతే మూడో మనిషికి పంపుతారు. ఉదాహరణకు 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో ఒక కొత్త పల్సార్ బయటపడింది. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే నక్షత్రం అది. అరెసిబో రేడియో టెలిస్కోపు 2007లో నమోదు చేసిన సమాచారంలో దాగి ఉంది. దాన్ని పట్టింది అమెరికాలోని అయోవాలో ఒక దంపతుల ఇంటి కంప్యూటరు. జర్మనీలోని మైంజ్ నగరంలో మరొకరి కంప్యూటరు అదే జవాబు చెప్పింది. వాళ్ళందరి పేర్లూ శాస్త్రపత్రికలోకి ఎక్కాయి. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ఇప్పటికీ నడుస్తోంది. గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరాలు నమోదు చేసిన సమాచారంలో ఎడతెగని తరంగాల కోసం కూడా వెతుకుతుంది. మన పక్కనే మహారాష్ట్రలో, నాందేడ్‌కు దగ్గరి హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కట్టడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది పూర్తయిన రోజున అక్కడి సమాచారం కూడా ఇట్లాగే మన ఇళ్ళ దాకా రావాలని నా కోరిక.

చరిత్రను ఎక్కువ సాగదీయను. 1994లో ఆర్‌ఎస్‌ఏ-129 అనే 129 అంకెల సంఖ్యను ఆరు వందల మంది స్వచ్ఛంద సేవకులు ఈమెయిలు ద్వారా పనిని పంచుకొని కారణాంకాలుగా విడగొట్టారు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అతి పెద్ద ప్రధాన సంఖ్యల వేట మొదలుపెట్టాడు, దాన్ని జింప్స్ అంటారు. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సెటీ ఎట్ హోమ్ విడుదల చేసింది. లోకానికి ఈ పద్ధతిని పరిచయం చేసింది అదే. వేరే లోకాల నుంచి సంకేతాలేమైనా వస్తున్నాయా అని అరెసిబో టెలిస్కోపు పట్టిన రేడియో తరంగాలను జల్లెడ పట్టడం దాని పని. యాభై లక్షల మందికి పైగా చేరారు. 2020 మార్చి 31న కొత్త ముక్కలు పంపడం ఆపేసింది, పోగైన ఫలితాలను విశ్లేషించడమే మిగిలిందని చెప్పింది. దాదాపు 1,200 కోట్ల సంకేతాలను వడపోసి చివరకు ఓ వంద అనుమానాలు మిగిల్చుకున్నారు. వాటిని చైనాలోని ఫాస్ట్ టెలిస్కోపుతో మళ్ళీ పరిశీలించే పని పెట్టుకున్నారు. గ్రహాంతరవాసులు దొరకలేదు. అయినా ఆ ప్రాజెక్టు వెనకున్న డేవిడ్ ఆండర్సన్ 2002లో మొదలుపెట్టిన బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే తరువాతి ప్రాజెక్టులు చాలా వరకు నిలబడ్డాయి. నా లెక్కలో సెటీ మనకిచ్చిన అసలు ఆస్తి అదే.

మందులు, వరి, క్షయ

ఇంటి కంప్యూటర్లు అందరి దృష్టిలో పడింది కరోనా కాలంలో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే 2000 అక్టోబరులో మొదలుపెట్టిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రోటీన్ల కదలికలను లెక్కగడుతుంది. ప్రోటీన్ ఒక బొమ్మలా కదలకుండా ఉండదు. ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. విచ్చుకున్న ఆ క్షణంలో కనబడే సందులో మందు అణువును ఇరికించవచ్చు. 2020 మార్చిలో కరోనా వైరస్ ప్రోటీన్ల పని మొదలుపెట్టగానే లక్షల మంది తమ కంప్యూటర్లను జతచేశారు. నెల తిరగకముందే ఆ వేగం ఒక ఎక్సాఫ్లాప్ దాటింది, అంటే సెకనుకు పదివేల కోటి కోట్లకు మించి గణనలు. ఏప్రిల్ నాటికి 2.4 ఎక్సాఫ్లాప్‌లకు చేరింది. ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లను కలిపినా అప్పటికి అంత లేదు. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ శక్తి 838 టెరాఫ్లాప్‌లు. కాగితం మీద పోలిస్తే ఈ ఇంటి కంప్యూటర్ల వేగం దానికి 2,800 రెట్లకు పైగా. ఆ లెక్కల ఆధారంగా వైరస్ ముల్లు ప్రోటీన్ ఎట్లా తెరుచుకుంటుందో, దాని ప్రోటీన్లలో మామూలుగా కనబడని సందులు ఎక్కడున్నాయో 2021లో నేచర్ కెమిస్ట్రీలో ప్రచురించారు.

ఆ నెలల్లో ఇంకో సంగతి కూడా బయటపడింది. కంప్యూటర్లు ఎక్కువై పని చాలలేదు. చాలామంది ప్రోగ్రాం పెట్టుకొని ముక్క కోసం గంటల తరబడి ఎదురుచూశారు. సర్వర్లు ఆ తాకిడిని తట్టుకోలేకపోయాయి. లెక్కలు సిద్ధం చేసే శాస్త్రవేత్తలు కొద్దిమందే ఉన్నారు. ఈ ఉద్యమంలో అసలు కొరత ఎక్కడుందో ఆ అనుభవమే చూపించింది. మంచి ప్రశ్న వేసి, దాన్ని ముక్కలు చేసి, వచ్చిన జవాబులను చదవగలిగే మనుషులు కావాలి.

మన నేలకు దగ్గరి ఉదాహరణ వరి. ఐబీఎం కంపెనీ 2004 నవంబరులో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే వేదిక పెట్టింది. 2008లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రామ్ సముద్రాల బృందం దాని మీద ప్రపంచానికి పోషక వరి అనే అర్థమొచ్చే పేరుతో ప్రాజెక్టు నడిపింది.  వరి మొక్కలోని వేల ప్రోటీన్ల ఆకారాలను అంచనా కట్టడం లక్ష్యం. మామూలు పద్ధతిలో 200 ఏళ్ళు పట్టే పని రెండేళ్ళలో అవుతుందని ఐబీఎం అప్పట్లో ప్రకటించింది. 2010లో లెక్కల దశ ముగిసింది. ఏ ప్రోటీన్ ఏ పని చేస్తుందో తెలిస్తే దిగుబడికి, తెగులు తట్టుకోవడానికి, పోషకాలకు సంబంధించిన జన్యువులను వెతకడం తేలికవుతుంది.

అయితే ఆ ఆకారాల పట్టిక నుంచి జగిత్యాల రైతు పొలందాకా దూరం చాలా ఉంది. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు అనే జేజీఎల్-1798ని, తరువాత జగిత్యాల రైస్-1 అనే జేజీఎల్-24423ని ఇచ్చింది. ఉల్లికోడును తట్టుకునే సన్న రకంగా మొదటిది ఈ జిల్లాల్లో పేరు తెచ్చుకుంది. సంకరం చేసి, ఏళ్ళ తరబడి మడుల్లో పెంచి, పురుగు పట్టనిచ్చి చూసి ఏరుకున్న రకాలివి. కంప్యూటరు లెక్క ఆ మడిని తీసేయదు. ఏ మడిలో ముందు చూడాలో చెప్పగలదు, అది కూడా చిన్న సాయం కాదు. నాకు బాధ కలిగించేదేమంటే పొలాసలో అడిగే ప్రశ్న, సియాటిల్‌లో నడిచిన లెక్క ఒకదానికొకటి ఎదురుపడకపోవడం.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ మీదే జపాన్ పరిశోధకులు పిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా కాన్సరు కోసం ముప్ఫై లక్షల అణువులను కంప్యూటర్ల మీద పరీక్షించి, 2014లో ఏడు అణువులను ఏరారు. ఏరడం మొదటి మెట్టే, మందుల దుకాణానికి చేరాలంటే ఆపైన ఏళ్ళ పరీక్షలుంటాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2016లో క్షయ బాక్టీరియా పై పొరలోని మైకోలిక్ ఆమ్లాల మీద పని మొదలుపెట్టింది. మందులు లోపలికి పోకుండా అడ్డుకునేది ఆ పొరే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నలుగురిలో ఒకరు భారతీయులు. నూలు దుమ్ములో పనిచేసేవాళ్ళు, ఇరుకు గదుల్లో పడుకునే వలస కూలీలు ఉన్న మన ప్రాంతంలో ఈ జబ్బు పేరు తెలియని ఇల్లుండదు. ఫలానా ప్రాజెక్టుకు ఎందుకివ్వాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు క్షయనే చూపిస్తాను.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇట్లాంటి వేదికలు శాశ్వతం కావు. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ను ఐబీఎం 2021లో కెనడాలోని టొరంటోలో ఉన్న క్రెంబిల్ పరిశోధన సంస్థకు అప్పగించింది. ఆ మార్పిడిలో 2022లో పని నెలల తరబడి ఆగిపోయింది. చేరేముందు ఆ ప్రాజెక్టు ఇప్పుడు ముక్కలు ఇస్తోందో లేదో చూసుకోవాలి.

మన ఎండ గురించి ఏం తెలిసింది

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వాతావరణం. 2003లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం క్లైమేట్ ప్రిడిక్షన్ డాట్ నెట్ మొదలుపెట్టింది. ఒకే వాతావరణ నమూనాను చిన్నచిన్న మార్పులతో వేలసార్లు నడపడం దాని పద్ధతి. ఒక్కో నడకా విడివిడి లెక్క కాబట్టి ఇళ్ళకు పంచవచ్చు. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన మొదటి ఫలితాలు రెండు వేలకు పైగా నడకల మీద ఆధారపడ్డాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి వేడి 2 డిగ్రీల నుంచి 11 డిగ్రీల దాకా ఎంతైనా పెరగవచ్చని తేలింది. అనిశ్చితి అంత పెద్దదని చెప్పడమే ఆ పరిశోధన చేసిన మేలు.

తరువాత దీనికి వెదర్ ఎట్ హోమ్ అనే శాఖ వచ్చింది. మానవుల కాలుష్యం ఉన్న లోకంలో ఒక ఎండాకాలం, లేని లోకంలో అదే ఎండాకాలం, రెండింటినీ వేలసార్లు నడిపి చూస్తారు. ఫలానా వరదకు, ఫలానా వడగాలికి భూతాపం ఎంత కారణమో అట్లా అంచనా వేస్తారు. దక్షిణాసియాకు వేరే నమూనా కూడా పెట్టారు. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచిన వానను ఈ పద్ధతితోనూ, వేరే నమూనాలతోనూ పరిశీలించారు. ఆ ఒక్క రోజు వానలో భూతాపం చేయి స్పష్టంగా కనబడలేదని తేల్చారు. అనుకున్న జవాబు రాకపోయినా రాసి ప్రచురించారు, అందుకే ఆ పరిశోధన మీద నాకు నమ్మకం.

అదే 2015 మే నెలలో వడగాలి వచ్చింది. దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. ఆ వేడిని, 2016లో రాజస్థాన్‌లోని ఫలోడీలో నమోదైన 51 డిగ్రీలను కలిపి నెదర్లాండ్స్, బ్రిటన్ శాస్త్రవేత్తలు, ఐఐటీ ఢిల్లీ వారు పరిశోధించి 2018లో ప్రచురించారు. వాళ్ళు చెప్పింది మనం శ్రద్ధగా వినాలి. 1970ల నుంచి దేశంలో చాలాచోట్ల ఏడాదిలో అత్యధిక ఉష్ణోగ్రత పెరిగినట్టు కనబడలేదు. కారణాలు రెండు. గాలిలోని పొగ, దుమ్ము ఎండను అడ్డుకుంటున్నాయి. సాగునీరు ఆవిరై గాలిని చల్లబరుస్తోంది. అయితే అదే తేమ ఒంటికి ఉక్కపోత పెంచుతోంది, కాబట్టి మనిషి మీద పడే భారం పెరిగింది. ఇప్పుడున్న వాతావరణ నమూనాలు ఈ సాగునీటిని, ఈ దుమ్మును సరిగా లెక్కలోకి తీసుకోవడం లేదు. అందుకని ఇక్కడి వడగాలుల కారణాన్ని వాటితో తేల్చలేమన్నారు.

కోనరావుపేటకు ఇది దూరపు సంగతి కాదు. కాళేశ్వరం పథకంలో భాగంగా ఈ మండలంలోనే మల్కపేట రిజర్వాయరు కట్టారు. బావులు, బోర్లు, చెరువుల కింద యాసంగిలో వరి పచ్చగా ఉంటుంది. ఆ నీరు మే నెల ఉక్కపోతను ఎంత మారుస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, మన సాగునీరు ఉన్న నమూనా కావాలి. అది లేకపోతే లక్ష కంప్యూటర్లు దానమిచ్చినా వచ్చేది వేరే లోకపు జవాబే. మన రాష్ట్రం దగ్గర సమాచారం లేక కాదు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నడుపుతోంది. వేడి, తేమ, వాన అన్నీ నమోదవుతున్నాయి. వాటిని నమూనాలో కలిపి, ఇళ్ళకు పంచి నడిపించే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి.

కరెంటు లెక్క

ఇక ఖర్చు. మిగులు శక్తి అన్నమాట కొంత మోసం చేస్తుంది. ప్రాసెసరు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ కరెంటు తాగుతుంది, పని పెడితే ఎక్కువ తాగుతుంది. కాబట్టి మనం ఇచ్చేది ఊరికే పోయేదాన్ని కాదు, కరెంటును, అంటే డబ్బును. 1970 నుంచి ఈ ప్రాంతానికి కరెంటు ఇస్తున్నది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అనే సంస్థ. మిగతా తెలంగాణలో డిస్కం బిల్లు వస్తే ఇక్కడ సెస్ బిల్లు వస్తుంది. బిల్లు ఎవరిదైనా యూనిట్ ఒకటే, వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

ఒక మామూలు డెస్క్‌టాప్ తేలిక పనికి 60 వాట్లు, పూర్తి పనికి 140 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎట్లాగూ రోజుకు పది గంటలు ఆన్‌లో ఉండే యంత్రమైతే అదనం 80 వాట్లే. నెలకు 24 యూనిట్లు. అదే యంత్రాన్ని దీనికోసమే రాత్రింబవళ్ళు నడిపితే నెలకు వంద యూనిట్లు. గేములాడే గ్రాఫిక్స్ కార్డు కూడా జతచేస్తే ఇంకా ఎక్కువ, అది చేసే పనీ ఎక్కువే.

ఇప్పుడు ఇంటి బిల్లు చూడండి. 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్లలోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. ఫ్రిజ్, టీవీ, రెండు ఫ్యాన్లు, నీళ్ళ మోటారు ఉన్న ఇల్లు చలికాలంలో 150 యూనిట్లు వాడుతుందనుకుంటే, 24 కలిపినా 174 దగ్గర ఆగుతుంది. మే నెలలో కూలరు నడిచి 190కి చేరిన ఇంట్లో అదే 24 కలిస్తే 214. గీత దాటాక మొత్తం యూనిట్లకు బిల్లు వేస్తారు, వెయ్యి రూపాయలకు తగ్గదు. సైన్సుకు చేసిన సాయం ఇంట్లో గొడవకు దారి తీస్తుంది, మరునాడే ప్రోగ్రాం తీసేస్తారు.

ఇందులో నీతి ప్రశ్న కూడా ఉంది. ఆ సున్నా బిల్లును ప్రభుత్వ ఖజానా కడుతుంది. పేదింటికి వెలుగు కోసం ఇచ్చిన కరెంటుతో చేసిన పనిని నా దానం అని చెప్పుకోవడం నాకు సరిగా అనిపించదు. సాంచాల మీటరు మీద రాయితీ కరెంటును దీనికి మళ్ళిస్తే అది ఇంకా తప్పు. సొంతంగా బిల్లు కట్టేవాళ్ళు, ఇంటి మీద సోలారు పలకలున్నవాళ్ళు ముందు రావాలి. సోలారు ఇంట్లో పగటిపూట నడిపితే బొగ్గు భారం కూడా తగ్గుతుంది. మన కరెంటులో ఎక్కువ భాగం రామగుండం లాంటి బొగ్గు కేంద్రాల నుంచి వచ్చేదే. యూనిట్‌కు ఇంచుమించు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 24 యూనిట్లంటే నెలకు 17 కిలోలు. భూతాపాన్ని లెక్కించడానికి ఆ పొగ వదులుతున్నామన్న స్పృహ ఉండాలి. అందుకే పదేళ్ళనాటి పాత కంప్యూటరును దీనికోసం అటక మీది నుంచి దించవద్దు. అది తాగే కరెంటుకు చేసే పని చాలా తక్కువ.

వేడి, దుమ్ము మన ప్రాంతపు ప్రత్యేక చిక్కులు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం గదిలోనే నలభై డిగ్రీలుంటే ప్రాసెసరు చల్లబడే దారి లేదు. సాంచాల షెడ్డు పక్కన ఉన్న కంప్యూటరు కేబినెట్ పక్క రేకు విప్పి చూడండి. ఫ్యాను రెక్కల అంచులకు, హీట్‌సింక్ సందులకు నూలు పింజ బూడిదరంగు పొరగా అట్టకట్టి ఉంటుంది. పెయింటు బ్రష్‌తో, గాలి పంపుతో దాన్ని శుభ్రం చేయకుండా గంటల తరబడి పూర్తి పని పెడితే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది, లేదా బోర్డే పోతుంది. బోయింక్ మేనేజర్ తెరిస్తే నియంత్రణలన్నీ ఉంటాయి. ఎన్ని కోర్లు వాడాలి, ఎంత శాతం సమయం, రాత్రి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, మనం కీబోర్డు ముట్టగానే ఆగాలా అన్నవన్నీ మనమే పెట్టుకోవచ్చు. నా సలహా ఇది: సగం కోర్లు చాలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పూర్తిగా ఆపండి. లాప్‌టాప్ అయితే చార్జరు పెట్టినప్పుడే నడవనివ్వండి. మధ్యలో కరెంటు పోయినా లెక్క మొదటికి రాదు. ప్రోగ్రాం మధ్యమధ్యలో ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటుంది.

ఫోన్ల సంగతి క్లుప్తంగా. 2013 నుంచి బోయింక్ ఆండ్రాయిడ్‌లో కూడా నడుస్తుంది. మామూలు అమరికలో చార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ 90 శాతం నిండి, వైఫై ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన ఎండల్లో ఫోను బ్యాటరీని రోజూ వేడెక్కించడం నేను సిఫారసు చేయను.

కృత్రిమ మేధ వచ్చాక ఇంకా అవసరమా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ 2005లో ప్రజలకు తెరిచిన రొజెట్టా ఎట్ హోమ్ ఏళ్ళ తరబడి ప్రోటీన్ల ఆకారాలు అంచనా కట్టింది. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆ పనిని మరింత వేగంగా, ఖచ్చితంగా చేసి చూపింది. 2022 నాటికి ఇరవై కోట్ల ప్రోటీన్ల ఆకారాలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌ను బేకర్‌కు, ఆల్ఫాఫోల్డ్ చేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు పంచారు. ప్రధాన సంఖ్యల వేటలోనూ అదే ధోరణి. 2024 అక్టోబరులో దొరికిన 4,10,24,320 అంకెల సంఖ్య ఏ ఇంటి కంప్యూటరులోనూ దొరకలేదు. ఒకాయన సొంత డబ్బుతో ఎన్నో దేశాల్లోని డేటా సెంటర్లలో గ్రాఫిక్స్ ప్రాసెసర్లను అద్దెకు తీసుకొని పట్టాడు.

నిశ్చలంగా ఉన్న ఆకారాన్ని ఊహించే పని కృత్రిమ మేధ చేతికి పోయింది, అది ఒప్పుకోవాల్సిందే. ప్రోటీన్ ఎట్లా కదులుతుంది, ఎప్పుడు తెరుచుకుంటుంది అన్నది ఇంకా ఓపికగా లెక్కగట్టాల్సిన పనే. ఒకే ఎండాకాలాన్ని వేలసార్లు నడపడం, టెలిస్కోపు సమాచారాన్ని అంగుళం అంగుళం వెతకడం కూడా అంతే. పాతికేళ్ళ కిందట ఏ ప్రాజెక్టుకైనా ఇవ్వవచ్చు అనేవాళ్ళం. ఇప్పుడు ఏరుకొని ఇవ్వాలి. ఆ బృందం గత రెండేళ్ళలో ఏం ప్రచురించిందో చూడండి. ఏమీ లేకపోతే వదిలేయండి.

అనుమతి గురించి ఒక మాట. అమెరికాలోని జార్జియాలో ఒక కాలేజీ కంప్యూటర్ నిర్వాహకుడు 1990ల చివర కాలేజీ కంప్యూటర్లలో ఇట్లాంటి ప్రోగ్రాం పెట్టాడు. క్రిమినల్ కేసు నడిచింది. 2002లో రాజీ కుదిరి ఏడాది ప్రొబేషన్, 2,100 డాలర్ల చెల్లింపుతో బయటపడ్డాడు. బడి కంప్యూటరు, ఆఫీసు కంప్యూటరు మనది కాదు. రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ప్రోగ్రాంను దాని అసలు సైటు నుంచే దింపుకోండి. కంప్యూటరు నడిపితే రోజుకింత వస్తుందని, ముందు కొంత కట్టమని అడిగేవాళ్ళు ఈ కోవలోకి రారు. ఇక్కడ ఎవరూ డబ్బు ఇవ్వరు, ఎవరూ అడగరు.

ఈ వ్యాసంలో పేర్లు వచ్చిన ప్రాజెక్టులన్నీ బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, సియాటిల్, నాటింగ్‌హామ్ లాంటి విదేశీ చోట్ల నుంచి నడిచినవే. మన విశ్వవిద్యాలయం నడిపింది ఒక్కటీ లేదు. బోయింక్ సర్వరు సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007 నుంచి ఉంది. సిరిసిల్లలో జేఎన్‌టీయూ కాలేజీ, వ్యవసాయ కాలేజీ ఉన్నాయి. పొలాసలో వరి శాస్త్రవేత్తలున్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో నమూనాలు రాయగలవాళ్ళున్నారు. అరవై కంప్యూటర్ల ల్యాబులో పిల్లలు పనిచేస్తున్న ఆరు గంటలు అదనంగా 60 వాట్ల చొప్పున తీసుకున్నా రోజుకు 22 యూనిట్లకు మించదు. యూనిట్ పది రూపాయలనుకున్నా 220 రూపాయలు. ఒక మంచి ప్రశ్న ఉంటే ఆ ఖర్చును ఏ ప్రిన్సిపాలైనా సమర్థించుకోగలరు. ఆ ప్రశ్న మన ముందే ఉంది. ఉత్తర తెలంగాణలో సాగునీరు పెరిగినకొద్దీ మే నెల ఉక్కపోత ఎట్లా మారుతోంది, పొలంలో పనిచేసే మనిషికి ఏ గంట తర్వాత ప్రమాదం? దీని మీద ప్రాజెక్టు మొదలుపెట్టమని ఆ కాలేజీల అధ్యాపకులను, ప్రణాళికా సంస్థ అధికారులను కోరుతున్నాను.

అప్పటిదాకా సొంత బిల్లు కట్టే పాఠకులు చేయగలిగింది ఒకటుంది. వచ్చే చలికాలంలో ఒక్క కంప్యూటరులో బోయింక్ పెట్టండి, సగం కోర్లు ఇవ్వండి, ఒక్క ప్రాజెక్టు ఎంచుకోండి. మొదటి తేదీన మీటరు రీడింగ్ రాసిపెట్టుకొని నెల తర్వాత మళ్ళీ చూడండి. ఆ తేడా మీరు భరించగలిగితే కొనసాగించండి, లేకపోతే ఆపేయండి.